రహీము సాహేబు

2024వ సంవత్సరము ఏప్రిలు మాసమున మైదాన్ అను హిందీ చలనచిత్రము దేశమంతటను ప్రదర్శింపబడెను. అమిత్ శర్మ దర్శకత్వమున తయారైన ఆ చిత్రములో అజయ్ దేవగణ్ ధరించిన పాత్ర కల్పితము గాదు. హైదరాబాదు నగరమున పుట్టి, అచ్చటనే బడిపంతులై, భారతదేశపు ఫుట్‌బాలు జట్టును ఆసియాఖండమున అగ్రస్థానమునకు గొనిపోయిన సయ్యద్ అబ్దుల్ రహీముగారి పాత్ర యది. ఆ చిత్రమును జూచి కంటతడి పెట్టిన ప్రేక్షకులలో ఆయన పేరు తెరపైననే మొదటిసారి వినినవారు పెక్కుమంది యుందురు. తెలుగునాట పుట్టిన ఇట్టి పురుషుని కథ మనకు బొంబాయి చిత్రశాలలనుండి రావలసివచ్చుట సంతోషింపదగిన విషయమో, సిగ్గుపడదగిన విషయమో పాఠకులే నిర్ణయింతురు గాక.

చలనచిత్రమునకు దాని ధర్మము దానికి గలదు. మూడు గంటలలో ఒక మనుష్యుని జీవితమును చూపవలసివచ్చినపుడు పరాభవముతో నారంభించి విజయముతో ముగించుట కథకులకు అనుకూలము. ఆ ప్రకారమే ఈ చిత్రము 1952 నాటి హెల్సింకి పరాజయమునకును 1962 నాటి జకార్తా విజయమునకును నడుమనున్న పదేండ్లను ప్రధానముగా గైకొనినది. మేము దానిని తప్పుపట్టము. అయితే ఆ విజయమునకు విత్తనము పడినది హెల్సింకిలో గాదు. హైదరాబాదు పాఠశాలల ఆవరణములలో. తెరపై కానరాని ఆ భాగమును జ్ఞాపకము చేయుటయే మా యుద్దేశము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ కాలముననే అచ్చటి జట్టులో నాడి పేరుగాంచిరి. పిమ్మట ఉపాధ్యాయవృత్తి నవలంబించి కాచిగూడ, చాదర్‌ఘాటు మున్నగు చోట్ల పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామశిక్షణమునందును ప్రత్యేకముగా కృషిచేసిరి. 1943 ప్రాంతమున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఆ భారమును వహించిరి. ఆయన వృత్తిచేత బడిపంతులు, స్వభావముచేతను బడిపంతులే. మంచి పంతులు చురుకైన ఒక్క విద్యార్థిని జూచి మురిసిపోడు. తరగతి యంతయు పాఠమును గ్రహించినదా లేదా అని చూచును. ఆటయందును ఆయన దృష్టి అట్టిదే.

ఆ దినములలో మన దేశమున ఈ యాట నాడు తీరు వేరు. ఆటగాండ్రలో ననేకులు వట్టికాళ్లతో నాడుచుండిరి. బంతిని తన కాలివద్దనే నిలుపుకొని, ఎదురైన ఇద్దరు ముగ్గురిని ఏమరించి ముందునకు పోవుట ఘనతగా నెన్నబడుచుండెను. ప్రేక్షకుల చప్పట్లును దానికే. రహీముగారు ఈ మోజును మాన్పుటకు ఉపన్యాసము లీయలేదు, పోటీలు పెట్టిరి. ఒక పోటీలో బంతిని ఒంటరిగా నడిపించుకొని పోవుట నిషిద్ధము. అందినవాడు వెంటనే తోటివానికి అందింపవలెను. వేరొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నవలెను. చిన్నవారు పెద్దవారి క్రింద నలిగిపోకుండుటకై బాలురకు ఎత్తునుబట్టి పోటీలు నడిపిరి.

చూచుటకు ఇవి చిన్న నియమములే. కాని వాని ఫలము గొప్పది. బంతిని నిలుపుకొనరాదన్నచో, బంతిలేని తక్కిన పదిమందియు ఊరక నిలువరాదు. దానిని అందుకొనుటకు ఖాళీ చోటు వెదకుచు నిరంతరము కదలవలెను. రెండవ కాలును లొంగదీసికొన్నవాడు ఏ వైపునుండి బంతి వచ్చినను తడబడడు. ఈ విధముగా ఆటగాని మనస్సు తన కాలినుండి తన జట్టుమీదికి మరలును. ఒకని నైపుణ్యమును పదునొకండుగురి బలముగా మార్చు విద్య ఇదియే.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ సంవత్సరముననే ఆ జట్టు సుప్రసిద్ధమైన మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండు కప్పును గెలిచెను. బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు గైకొనెను. ధనమునందును జనాదరణమునందును కలకత్తా క్లబ్బులతో పోల్చదగని ఒక పోలీసు జట్టు ఇంతటి ఖ్యాతి నార్జించుట సామాన్యము గాదు. హైదరాబాదు యువకులకై కలకత్తా క్లబ్బులు చేతులు చాచెను. సికిందరాబాదున పుట్టిన తులసీదాసు బలరాము 1957లో ఈస్టు బెంగాలునకు వెళ్లి వంగదేశీయుల హృదయములను చూరగొనెను. అయినను ఇక్కడ ఆటగాండ్రకు కొరత రాలేదు. ఒక పైరు కోసికొనిపోయిన వెనుక మరియొక పైరు మొలకెత్తుచునే యుండెను. ఏలన బాలురలో నాటుపని ఎన్నడును ఆగలేదు.

దేశపు జట్టునకు కూడ రహీముగారే శిక్షకులైరి. 1951లో న్యూఢిల్లీ యందు జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో మనవారు తుది పోటీలో ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకమును పొందిరి. మరుసటి సంవత్సరము హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా పరాజితులైరి. మన ఆటగాండ్రలో పెక్కురు నాడు వట్టికాళ్లతో నాడిరి. ఆ పిమ్మట బూట్లు తొడుగుట విధిగా చేయబడెను. హంగేరీవారు 1953లో ఇంగ్లాండును దాని సొంతగడ్డపైననే ఆరింటికి మూడుగా ఓడించి లోకమునకు చూపిన నూతన పద్ధతిని రహీముగారు శ్రద్ధగా పరిశీలించిరి. పరాభవమును పాఠముగా మార్చుకొనుటయే పంతులకు దగిన పని.

1956లో మెల్బోర్నునందు దాని ఫలము గనబడెను. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను మనవారు నాలుగింటికి రెండుగా ఓడించిరి. వానిలో మూడు గోళ్లు నెవిల్ డిసౌజా చేసినవి. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఉపాంత్యదశకు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అచ్చట యుగోస్లావియాపై మొదటి గోలు మనవారే చేసినను తుదకు ఓడి, నాలుగవ స్థానమున నిలిచిరి. 1960లో రోమునందు హంగేరీతో రెండింటికి ఒకటిగా మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో ఒకటికొకటిగా సమముగా నిలిచిరి. ఆ జట్టున రహీముగారి కుమారుడు హకీము కూడ నుండెను. కాని ఒక్క పందెములోను ఆయనకు ఆడు అవకాశము కలుగలేదు. ఈ విషయముపై మేము వ్యాఖ్యానింప నక్కరలేదు.

1962లో జకార్తాయందు ఆసియా క్రీడలు జరిగెను. ఇస్రాయేలు, తైవాను దేశముల క్రీడాకారులను ఇండొనీసియా రానీయకుండుటను భారతీయుడగు సోంధిగారు గట్టిగా నాక్షేపించిరి. దానిచే అచ్చటి జనులకు మనపై ఆగ్రహము కలిగెను. మన రాయబార కార్యాలయముపై దాడియు జరిగెను. మన జట్టు మొదటి పందెముననే దక్షిణకొరియాతో రెండు గోళ్ల తేడాతో ఓడెను. థాయిలాండుతో ఆడునపుడు రక్షణపంక్తికి వెన్నెముకవంటి జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడెను.

రహీముగారు కలతపడలేదు. గాయపడిన జర్నైలును వెనుకకు బదులు ముందు పంక్తిలో నిలిపిరి. దక్షిణ వియత్నాముతో జరిగిన ఉపాంత్యపు పందెమున అతడు గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన, కిక్కిరిసిన క్రీడారంగమున, మన జాతీయగీతమునకే కేకలు వేసిన జనసమూహము నెదుట, దక్షిణకొరియాతోనే తుదిపోటీ జరిగెను. మొదట ప్రదీప్ కుమార్ బెనర్జీ, వెంటనే జర్నైల్ సింగు గోళ్లు చేసిరి. జ్వరముతో తీసికొని లేచిన తంగరాజు గోలు కాచెను. తుదకు రెండింటికి ఒకటిగా విజయము మనదయ్యెను. వంగదేశపు చునీ గోస్వామి నాయకుడు. పంజాబీ జర్నైలు, గోవావాడగు ఫ్రాంకో, మన బలరాము, యూసఫ్ ఖాను అతనికి తోడు. భాషలు వేరు, మతములు వేరు. బంతి పోయిన మార్గము మాత్రము ఒకటియే. దేశైక్యమునుగూర్చి వేదికలపై చెప్పబడు మాటలకు ఇంతకంటె మంచి దృష్టాంతము మాకు తోచుట లేదు.

ఆ విజయమునకు తొమ్మిది మాసములు దాటిన పిమ్మట, 1963 జూను 11వ తేదీన, పుట్టకురుపు వ్యాధిచే రహీముగారు పరమపదించిరి. అప్పటికి వారికి ఏబదిమూడేండ్లు. నాటినుండి నేటివరకు భారతదేశము ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మరల స్వర్ణమును పొందలేదు. 1960 తరువాత ఒలింపిక్సు ఫుట్‌బాలులో మన జట్టు ఆడనేలేదు. బెనర్జీ, గోస్వామి 2020లోను, హకీము 2021లోను, బలరాము 2023లోను గతించిరి. తమ గురువు కథ తెరకెక్కి జనులయెదుటకు వచ్చుటను వారిలో నొక్కరును చూడలేదు.

ఒక మనుష్యుడు పోయినంతమాత్రమున ఒక విద్య యంతరింపవలెనా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ విద్య ఒక్కని యందే నిలిచియున్నచో అంతరింపకేమి చేయును? రహీముగారు పోలీసు జట్టును నడిపిరి, దేశపు జట్టును నడిపిరి. కాని అన్నిటికిని మూలము బాలుర పోటీలు. ఆ మూలమును కాచుట మనము మరచితిమి. బడి కట్టునపుడు గదులు లెక్కించుచున్నాము గాని ఆటస్థలమును అడుగుట లేదు. ఉన్న ఖాళీస్థలమున గోడ లేచుచున్నను పలుకుట లేదు. మన బిడ్డ పరీక్షలో ఒక్క మార్కు తగ్గిన పంతులను నిలదీయుదుము. వాడు ఏడాది పొడవున ఒక్కనాడైన పరుగెత్తెనా యని విచారింపము.

చిత్రమును చూచి కరతాళధ్వనులు చేయుట సులభము; దాని ఖర్చు ఒక టిక్కెట్టు. రహీముగారి ఋణము దానితో తీరదు. పొలము గలవారు తమ ఊరి బడికి చదునైన నేల కొంత విడువగలరు. పట్టణమున పలుకుబడి గలవారు మునిసిపలు మైదానము లన్యాక్రాంతము గాకుండ కాపాడగలరు. ఏ ఊరనైన శ్రద్ధగల వ్యాయామోపాధ్యాయుడున్నచో, ఆయనకు నాలుగు బంతులును, కొంత గౌరవమును సమకూర్పగలరు. రహీముగారికి మొదట లభించిన సామగ్రి ఇంతకు మించినది గాదు. అట్టి పంతుళ్లు నేడును మన బడులలో నుండియుందురు. వారిని మన జీవితకాలముననే గుర్తింపవలెనని మా మనవి.