నిరీక్షణకు లెక్క కట్టిన ఎర్లాంగ్

విద్యార్థులకు వోల్టు, ఆంపియరు, వాటు అను మాటలు సుపరిచితములు. ఇవి శాస్త్రజ్ఞుల పేర్ల నుండి పుట్టిన ప్రమాణములు. ఎర్లాంగ్ కూడ అటువంటిదే. టెలిఫోను తీగలపై రద్దీని దానితో కొలుస్తారు. నేడు కంప్యూటరు నెట్‌వర్కులలో రౌటర్లను అమర్చి, ఎవరికెంత బ్యాండ్‌విడ్త్ ఇవ్వాలో నిర్ణయించే విద్యకు మూలపురుషులలో ఆయన ఒకరు. ఆ మహనీయుని జీవితమును మన విద్యార్థులకు పరిచయము చేయుట ఉచితమని భావించి ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1878 జనవరి 1వ తేదీన డెన్మార్కు దేశములోని జట్లండ్ ప్రాంతమున, లోన్‌బోర్గ్ అను గ్రామములో జన్మించారు. తండ్రి ఆ ఊరి బడిపంతులు. సాయంకాలములందు అన్నదమ్ములిద్దరు బల్లకు చెరియొక వైపున కూర్చొని ఒకే పుస్తకమును చదివేవారు. ఎదుటివానికి తిన్నగా ఉన్న పుస్తకము ఆగ్నర్‌కు తలక్రిందులుగా కనిపించినను, ఆయన అట్లే చదువ నేర్చుకొన్నారు. ఖగోళశాస్త్రమన్న ఆయనకు మిక్కిలి మక్కువ. పదునాలుగవ యేటనే ప్రత్యేకానుమతితో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయపు ప్రవేశ పరీక్షలో ఉన్నతముగా ఉత్తీర్ణులైనారు. 1901లో గణితము ప్రధానాంశముగా ఎం.ఏ. పట్టము పొంది, తదుపరి సుమారు ఏడేండ్లు పాఠశాలలలో అధ్యాపకత్వము నెరపారు.

గణితశాస్త్ర సంఘపు సమావేశములకు వెళ్ళుచుండగా ఆయనకు జెన్సెన్‌తో పరిచయము కలిగింది. గణిత విద్యార్థులు ఎరిగిన జెన్సెన్ అసమానత ఆయనదే. జెన్సెన్ కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో ప్రధాన ఇంజనీరు. ఆ పరిచయ ఫలితముగా 1908లో ఎర్లాంగ్ ఆ కంపెనీలో చేరి, ప్రయోగశాలకు అధిపతి అయినారు. అధిపతి అన్నమాటే గాని తొలినాళ్లలో ఆయనకు సిబ్బంది లేరు. నిచ్చెన మోసే పనివానిని వెంటబెట్టుకొని, నగర వీధులలోని మ్యాన్‌హోళ్లలోకి దిగి కొలతలు తామే తీసుకొనేవారు.

ఆయన ముందున్న సమస్య చూచుటకు చిన్నది. ఒక ఎక్స్ఛేంజికి ఎన్ని తీగలు వేయాలి? తక్కువైతే జనులకు లైను దొరకదు. ఎక్కువైతే ధనము వ్యర్థము. ఎవరెప్పుడు ఫోను ఎత్తుతారో ఎవరికీ తెలియదు. అయినను, వేలమంది చేసే పిలుపులు కలిసినప్పుడు ఆ అనిశ్చితికి కూడ ఒక నియమమున్నదని 1909లో ఆయన నిరూపించారు. ఆ పిలుపుల సంఖ్య పాయ్సాన్ విభాజనమును అనుసరిస్తుంది. 1917లో మరింత ముందుకు సాగి, పిలుపు విఫలమయ్యే సంభావ్యతకు, వేచియుండే కాలమునకు సూత్రములు ఇచ్చారు. బ్రిటిష్ పోస్టాఫీసు కూడ ఆయన సూత్రమును స్వీకరించింది.

ఒక ఉదాహరణ చూతము. గంటలో మూడేసి నిమిషముల పిలుపులు ఇరువది వస్తే ఆ రద్దీ ఒక ఎర్లాంగ్. దానికి ఒకే తీగ ఉంటే పిలుపులలో సగము విఫలము. రెండు తీగలుంటే నూటికి ఇరువది, మూడుంటే నూటికి ఆరు. నూటికి ఒకటికి మించకూడదంటే అయిదు తీగలు కావాలి. ఇటువంటి పది గుంపులకు వేరువేరుగా అయితే ఏబది తీగలు. అందరినీ కలిపి, రద్దీ 10 ఎర్లాంగులుగా లెక్కిస్తే పదునెనిమిదే చాలును! పంచుకొనుటలోని లాభమును ఇంత స్పష్టముగా చూపిన లెక్క అరుదు.

దీనికి నేటి రౌటర్లతో సంబంధమేమి? ఒక కార్యాలయమునకు సెకనుకు 10 మెగాబిట్ల ఇంటర్నెట్ లైను ఉన్నదనుకొందాము. మాటలు, చిత్రములు, ఫైళ్లు అన్నీ ప్యాకెట్లుగా దానిపైనే పోవాలి. ఒకరు పెద్ద ఫైలు పంపితే మరొకరి సంభాషణ తునాతునకలవుతుంది. దీనికి పరిష్కారము మూడు అంచెలలో ఉన్నది. మొదట, రౌటరు పంపే వేగమును లైను సామర్థ్యము కంటె కొంచెము తక్కువకు, 9.5 మెగాబిట్లకు కట్టడి చేయాలి. అప్పుడు క్యూ మన రౌటరులోనే ఏర్పడుతుంది. ఎవరిని ముందు పంపాలో నిర్ణయించే అధికారము మన చేతిలో ఉంటుంది. దీనినే ట్రాఫిక్ షేపింగ్ అంటారు. రెండవది, ప్యాకెట్లను తరగతులుగా విభజించి సంభాషణలను ముందు వరుసలో నిలపాలి. మూడవది, ఆ వరుసకు ఎంత హామీ ఇవ్వాలో తేల్చాలి. ఎర్లాంగ్ సూత్రము అక్కరకు వచ్చేది ఇక్కడే. రద్దీ 10 ఎర్లాంగులైతే 18 సంభాషణలకు చోటు కావాలి. కుదింపు లేని సంభాషణకు ఒక్కొక్క దిశలో సుమారు 90 కిలోబిట్లు పట్టును గనుక, హామీ దాదాపు 1.6 మెగాబిట్లు. మాటలు లేని వేళ ఆ భాగమును ఇతరులు వాడుకొనవచ్చును. మాట రాగానే వారు తప్పుకోవాలి. హక్కు కలవానికి లోటు లేదు, మిగిలినది వృథా కాదు.

అయితే ఆయన సూత్రము సర్వత్ర చెల్లదు. 1990 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధకులు, కంప్యూటరు ప్యాకెట్లు ఫోను పిలుపులవలె కాక గుంపులు గుంపులుగా వస్తాయని కొలతలతో చూపారు. కావున ఫోను సంభాషణల సంఖ్యకు ఆ సూత్రమును వాడుతూ, తక్కిన రద్దీని కొలిచి చూచి అమర్చుకోవాలి. వీధిలో దిగి కొలతలు తీసిన ఎర్లాంగ్ మార్గము కూడ అదే కదా!

ఎర్లాంగ్ వివాహము చేసుకొనలేదు. పుస్తకములే ఆయన సంపద. ఆర్తులు ప్రయోగశాలకే వచ్చి సాయము కోరేవారు. ఆయన ఆడంబరము లేకుండ ఇచ్చి పంపేవారు. దాదాపు ఇరువదేండ్ల ఉద్యోగములో అనారోగ్యముతో సెలవు పెట్టి ఎరుగని ఆ కర్మయోగి, ఉదర సంబంధమైన శస్త్రచికిత్స అనంతరము 1929 ఫిబ్రవరి 3వ తేదీన, ఏబది యొకటవ యేట పరమపదించారు. 1946లో అంతర్జాతీయ టెలిఫోను సంప్రదింపుల సంఘము రద్దీ ప్రమాణమునకు ఆయన పేరు పెట్టింది. 1986లో ఎరిక్సన్ కంపెనీలో రూపుదిద్దుకొన్న ఒక కంప్యూటరు భాష కూడ ఎర్లాంగ్ పేరుతోనే వెలసినది.

ఉన్నది కొంచెము, కోరేవారు అనేకులు అయినప్పుడు, బలవంతునిదే వంతు కానక్కరలేదని, న్యాయమైన పంపకమును లెక్కకట్టి సాధింపవచ్చునని ఆయన జీవితము చాటుచున్నది. మన విద్యార్థులు రౌటరు ముందు కూర్చొన్ననాడు ఈ సత్యమును మరువకుందురు గాక!