కాలిన్ మెకంజీ

కల్నల్ కాలిన్ మెకంజీ (1754 - 1821 మే 8) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు, భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్. దక్షిణ భారతదేశంలోని గ్రామాల చరిత్రలను స్థానికుల నుండి సేకరింపజేసి కైఫియత్తుల రూపంలో భద్రపరచినవాడుగా తెలుగువారికి సుపరిచితుడు. పటం గీయడంతో సరిపెట్టుకొనక, ఆ పటంలోని ఊరికి సంబంధించిన చరిత్రను, శాసనాలను, చిత్రాలను ఊరి పేరుతోనే వెదకి తీయగలిగేలా కూర్చడం ఈయన పనిలోని విశేషం. ఆ కూర్పు ఈయన మరణానంతరం చాలావరకు చెదరిపోయింది.

తొలి జీవితం

మెకంజీ స్కాట్లాండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నవే పట్టణంలో జన్మించాడు. యౌవనంలో అక్కడే సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. లాగరిథముల సృష్టికర్త జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయ సంకల్పించిన ఫ్రాన్సిస్ నేపియర్ ప్రభువు, హిందువుల గణితశాస్త్రాన్ని గురించిన వివరాల కోసం ఈయన సహాయం తీసుకున్నాడు. భారతదేశంపై మెకంజీకి ఆసక్తి కలగడానికి ఇది ఒక కారణం. 1783లో మద్రాసు చేరాడు. నేపియర్ కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ అప్పటికి మదురైలో ఉండేది. ఆమె ఇంట స్థానిక పండితులతో పరిచయం ఏర్పడినా, ఉద్యోగధర్మం వలన ఆ విద్యావ్యాసంగం ఎక్కువ కాలం సాగలేదు.

నెల్లూరు, గుంటూరు సీమలలో

1784 - 1790 మధ్యకాలంలో మెకంజీ కోయంబత్తూరు, దిండిగల్ ప్రాంతాలలోను, తరువాత మద్రాసు, నెల్లూరు, గుంటూరు సీమలలోను ఇంజనీరుగా పనిచేశాడు. గుంటూరు సర్కారు నిజాము నుండి కంపెనీ చేతికి వచ్చినది 1788లో. కొత్తగా వచ్చిన సీమలో దారులు, వాగులు, కోటలు, రేవులు ఎక్కడెక్కడ ఉన్నాయో ప్రభుత్వానికి సరిగా తెలియని రోజులవి. ప్రస్తుతం బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల, వేటపాలెం, మోటుపల్లి నెల్లూరు నుండి ఉత్తరంగా సాగే ఈ తీరంలోనివే.

ఈ ప్రాంతంలో ఒక చోటికి సంబంధించిన సమాచారం వెదకడంలోని చిక్కుకు మోటుపల్లి మంచి ఉదాహరణ. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు ఇది. దేశియుయ్యకొండ పట్టణం అన్నది కూడా ఈ ఊరి పేరే. ఆ రెండవ పేరు తెలియనివానికి, ఆ పేరుతో ఉన్న ఆధారం కళ్లెదుట ఉన్నా కనబడనట్టే.

కావలి సోదరులు

1790 - 92 నాటి మైసూరు యుద్ధంలో పాల్గొన్న తరువాత, నిజాము రాజ్యంలోని దక్కను భౌగోళిక వివరాలను క్రోడీకరించే పని మెకంజీకి అప్పగించారు. శ్రీశైల దేవాలయాన్ని గురించి ఈయన రాసిన వ్యాసం ఆ పర్యటనల ఫలితమే. 1796 ప్రాంతంలో ఏలూరుకు చెందిన నియోగి బ్రాహ్మణుడు కావలి వెంకట బొర్రయ్య ఈయన వద్ద చేరాడు. మెకంజీకి దేశభాషలు రావు. చారిత్రక సేకరణ యావత్తు బొర్రయ్య రాకతోనే ఒక దారికి వచ్చిందని మెకంజీ స్వయంగా అంగీకరించాడు. పాత కన్నడ లిపిలోని శాసనాలను చదివే మార్గం చూపినవాడు కూడా బొర్రయ్యే. 1803లో బొర్రయ్య చిన్నవయసులోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించాడు. మరొక సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రను ఆంగ్లంలో రచించి 1829లో ప్రచురించాడు.

కైఫియత్తుల కూర్పు

శ్రీరంగపట్టణం పతనం తరువాత మొదలైన మైసూరు సర్వేలో మెకంజీ పద్ధతి పూర్తి రూపు దాల్చింది. ఒక జట్టు త్రిభుజీకరణతో కొండలను, ఊళ్లను పటంపై స్థిరపరుస్తుంటే, మరొక జట్టు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, వృద్ధులను విచారించేది. కరణాల వద్ద ఉన్న కవిలె కట్టల నుండి నకళ్లు తీసేవారు. ఊరికి ఆ పేరు వచ్చిన విధం, ఏలిన రాజులు, గుళ్లు, చెరువులు, శాసనాలు, ఇనాములు, కరణీక మిరాశీల వివరాలు అందులో ఉంటాయి. ఈ విధంగా తయారైన గ్రామ నివేదికయే కైఫియత్తు.

గుంటూరు ప్రాంతపు కైఫియత్తుల శీర్షికలు గమనించదగినవి. మొదట మౌజే అంటూ ఊరి పేరు, పిమ్మట అది చేరిన సంతు, ముర్తజానగరు సర్కారు, తాలూకా వరుసగా చెప్పిన తరువాతనే కథ మొదలవుతుంది. ముర్తజానగరు అంటే గుంటూరే. ఒక కాగితం ఏ కట్టలోనిదో తెలియకపోయినా, ఈ శీర్షికను బట్టి అది పటంలో ఏ చోటికి చెందినదో తేల్చవచ్చు. చరిత్రకారులు కైఫియత్తులలోని పురాణగాథలను గురించి చాలా రాశారు గాని, ఈ శీర్షికల విలువకు రావలసిన గుర్తింపు రాలేదనే చెప్పాలి.

నేటి భౌగోళిక సమాచార వ్యవస్థల సాఫ్ట్‌వేరుతో పోల్చి చూస్తే ఈ విషయం తేటపడుతుంది. అందులో పటం దస్త్రం సాధారణంగా సమాచారాన్ని తనలో దాచుకోదు. రోడ్లు, చెరువులు, సరిహద్దుల దస్త్రాలు కంప్యూటరులో ఏ ఫోల్డరులో ఉన్నాయో ఆ దారిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఫోల్డరును వేరొక చోటికి మారిస్తే దస్త్రాలు చెక్కుచెదరక ఉన్నా పటం ఖాళీగా తెరుచుకుంటుంది. దారిని మళ్లీ చూపితే గాని సమాచారం తిరిగి కనబడదు. మెకంజీ సేకరణకు పట్టిన గతి సరిగ్గా ఇదే.

అమరావతి

1797లో మెకంజీ అమరావతి దిబ్బను మొదటిసారి చూశాడు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన కొత్త పట్టణ నిర్మాణానికి రాళ్ల కోసం ఆ దిబ్బను తవ్విస్తున్న కాలమది. మెకంజీ 1816లో మళ్లీ వచ్చి, చిత్రకారులచేత శిల్పాల బొమ్మలు, స్థలపు పటాలు గీయించాడు. తరువాతి కాలంలో కనబడకుండా పోయిన శిల్పాలు కొన్నింటికి ఆ బొమ్మలే మిగిలిన ఆధారం.

చివరి దశ

1810లో మద్రాసు సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన మెకంజీ, 1811 - 13 మధ్య జావా దండయాత్రలో ఉన్నాడు. అక్కడే పెట్రొనెల్లా బార్టెల్స్‌ను వివాహమాడాడు. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ పదవి లభించింది. 1817లో సేకరణను, లక్ష్మయ్య మొదలైన సహాయకులను వెంటబెట్టుకొని కలకత్తా చేరాడు. సేకరణ అంతటికీ ఒక సవివరమైన సూచిక తయారు చేయాలన్న కోరిక తీరకుండానే 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించాడు. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది.

సేకరణ చెదరిన తీరు

కంపెనీ ఈ సేకరణను మెకంజీ భార్య నుండి లక్ష రూపాయలకు కొన్నది. హోరేస్ హేమన్ విల్సన్ 1828లో దాని జాబితాను రెండు సంపుటాలుగా ప్రచురించాడు. అందులో గ్రంథాలు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్లు 8,076, చిత్రాలు 2,630, నాణేలు 6,218 లెక్కకు వచ్చాయి. విల్సన్ సంస్కృత పండితుడే గాని దక్షిణాది భాషలు తెలిసినవాడు కాడు. మెకంజీ సహాయకులు రాసిన ఆంగ్ల సారాంశాలపైనే ఎక్కువగా ఆధారపడ్డాడు.

ఆ తరువాత సేకరణను పంచివేశారు. సంస్కృతం, పారశీకం, జావా భాషల గ్రంథాలు, చిత్రాలు, నాణేలు చాలావరకు లండనుకు వెళ్లాయి. తెలుగు, తమిళ, కన్నడ రాతలు మద్రాసుకు తిరిగి వచ్చాయి. ఒకే ఊరి బొమ్మ ఒక ఖండంలో, దాని కైఫియత్తు మరొక ఖండంలో మిగిలాయి.

ఏ కట్టలో ఏమున్నదో అందరికంటే బాగా ఎరిగిన లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించడానికి అనుమతి కోరాడు. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ 1836లో ఆయన అంతటి పనికి తగడని అభిప్రాయపడి, విలియం టేలర్ అనే మతబోధకుని సిఫారసు చేసింది. దశాబ్దాల పాటు సేకరణలో పనిచేసిన వ్యక్తి ఉండగా అతనిని పక్కన పెట్టడం ఆనాటి పాలకుల దృష్టికి నిదర్శనం. టేలర్ వర్ణనాత్మక జాబితా 1857 - 62 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది.

శిథిలమవుతున్న తెలుగు కాగితాలకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తిరిగి నకళ్లు రాయించి సంపుటాలుగా కట్టించాడు. వీటిని లోకల్ రికార్డులు అంటారు. ఇవి మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. తెలుగునాట గ్రామ చరిత్రలు రాసిన పరిశోధకులు చాలామంది వీటిని ఉపయోగించుకున్నారు. గుంటూరు, కడప ప్రాంతాల కైఫియత్తులు కొన్ని ముద్రణ పొందాయి.

వీటిలో వెదకేవారు జిల్లా పేరుపై కాక, ఊరి పేరుపై ఆధారపడడం మేలు. చీరాల గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో చీరాల బాపట్ల జిల్లాకు మారింది. మెకంజీ కాలపు సంతులు, సర్కారులు ఏవీ నేడు లేవు. మౌజే పేర్లు మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి.