తల్లి ఇచ్చిన పాట

అమెరికా జానపద గాయకుడును, గీతకర్తయునగు వుడీ గథ్రీకి తల్లినుండి రెండు సంక్రమించెను. ఒకటి పాట, రెండవది వ్యాధి. ఆ రెంటి నడుమ నడచినదే ఆయన జీవితము.

గథ్రీ 1912 జూలై 14వ తేదీన ఓక్లహోమా రాష్ట్రమందలి ఒకీమా పట్టణమున జన్మించెను. తల్లి నోరా పూర్వకాలపు కథాగేయములను పాడుచుండెడిది. ఆ పాటలే బాలునకు తొలి పాఠములయ్యెను. కాని ఆ యింట సుఖము నిలువలేదు. 1919లో అక్క క్లారా అగ్నికి ఆహుతి యయ్యెను. నోరా నడవడియు క్రమముగా మారజొచ్చెను. జనులు ఉన్మాదమని తలచిరి. నిజమునకు అది హంటింగ్టన్ వ్యాధి యను వంశానుగత నాడీరోగము. 1927లో ఆమెను చికిత్సాలయమునకు పంపిరి.

తరువాత గథ్రీ టెక్సాస్ రాష్ట్రమందలి పాంపా పట్టణము చేరెను. గడ్డినేలలను మితిమీరి దున్నుటచేతను, అనావృష్టిచేతను ఆ ప్రాంతపు మన్ను గాలికి లేచిపోవుచుండెను. 1935 ఏప్రిల్ 14వ తేదీన వచ్చిన ధూళి తుపాను పగటిని రాత్రిగా మార్చెను. బ్రతుకుతెరువు గోల్పోయిన కుటుంబములు కాలిఫోర్నియా దారి పట్టెను. గథ్రీయు ఆ దారినే పోయి, లాస్ ఏంజిలిస్ రేడియోలోను, వలస కూలీల శిబిరములలోను పాడెను. ఈ సంచారమువలన ఆయన భార్యాబిడ్డలు మిక్కిలి కష్టపడిరన్నదియు మరువరాదు.

1940లో ఆయన న్యూయార్కు వచ్చెను. జానపదగీత సంగ్రాహకుడగు అలాన్ లోమాక్స్ ఆయన ప్రతిభను గుర్తించెను. ఆ యేటి వసంతమున విక్టర్ కంపెనీవారు న్యూజెర్సీలోని కామ్‌డెన్ నగరమున ఆయన పాటలను రికార్డు చేసిరి. అవి జూలై మాసమున 'డస్ట్ బౌల్ బాలడ్స్' అను పేర వెలువడెను. గథ్రీ తొలి సంపుటి యిదియే.

ఇందలి 'టామ్ జోడ్' అను పాట ప్రత్యేకముగా గమనింపదగినది. వలసరైతుల దైన్యమును చిత్రించిన స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939లో ప్రచురింపబడెను. అది ఎవరి కథయో, వారికే దానిని కొనుటకు సొమ్ము లేదు. అందుచే గథ్రీ ఆ కథనంతయు ఒక్క పాటలో ఇమిడ్చెను. ఉరిదీయబడిన జాన్ హార్డీ యను నేరస్థుని గూర్చిన ప్రాత కథాగేయపు బాణీని దీనికి గ్రహించెను. ఎరిగిన బాణీ గనుక విన్నవారికి కథ సులభముగా పట్టుబడును. అయినను ఆ పాట రికార్డు ఒక ప్రక్కకు సరిపోక, రెండు ప్రక్కలును ఆక్రమించెను.

సంపుటి అమ్మకము స్వల్పమే. కాని తరువాతి తరపు గాయకులకు అది మార్గదర్శకమయ్యెను.

1952లో తల్లి వ్యాధియే తనకును సోకినదని వైద్యులు తేల్చిరి. క్రమముగా చేతులు స్వాధీనము తప్పెను, గిటారు మూగవోయెను. 1961లో బాబ్ డిలన్ అను యువకుడు ఆయనను వెదకికొని వచ్చి, రోగియగు గథ్రీ ఎదుట గథ్రీ పాటలనే పాడి వినిపించెను. 1967 అక్టోబరు 3వ తేదీన, ఏబదియైదవ యేట, గథ్రీ న్యూయార్కులో కన్నుమూసెను. వ్యాధి ఆయన కంఠమును అణచివేసెను. తల్లి ఇచ్చిన పాట మాత్రము అప్పటికే ఇతరుల కంఠములను చేరియుండెను.