తల్లి వేసిన బాటలో మాసూమా బేగం

ఆడపిల్లకు ఏడో తరగతి కాగానే చదువు చాలనే తల్లిదండ్రులు మా కథలాపూర్ చుట్టుపక్కల ఇప్పటికీ మాకు ఎదురవుతూనే ఉంటారు. మన ఖాందాన్‌లలో ఆడవాళ్లు చదువుకుని బయటికి వచ్చిందెక్కడ అని అడుగుతారు. అలా అడిగినవారికి మేము మాసూమా బేగం సంగతి చెబుతాము.

ఆమె 1901లో హైదరాబాదులో జన్మించారు. తల్లి తయ్యిబా బేగం బిల్‌గ్రామీ, తాత ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసైన్ బిల్‌గ్రామీ. తయ్యిబా బేగం పర్దా పాటించే ఇంట పుట్టి, పిల్లల తల్లి అయ్యాక మద్రాసు విశ్వవిద్యాలయం నుండి బి.ఎ. పట్టా పొందారు. ఇది 1910 నాటి మాట! మగపిల్లల్లోనే పట్టభద్రులు వేళ్ల మీద లెక్కించదగినంతమంది ఉన్న రోజులవి. స్త్రీల కోసం ఆమె అంజుమన్-ఎ-ఖవాతీన్ స్థాపించారు.

మాసూమా బేగం మహబూబియా బాలికల పాఠశాలలో చదివారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు హుసైన్ అలీ ఖాన్‌తో ఆమె వివాహమైంది. తల్లి మరణించాక అంజుమన్ బాధ్యతను తన భుజాన వేసుకుని, పేద ఆడపిల్లల చదువు కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డారు. అఖిల భారత మహిళా సభలోనూ పనిచేసి, 1960లలో దానికి అధ్యక్షురాలయ్యారు.

1952 ఎన్నికల్లో పాతబస్తీలోని శాలిబండ నుండి కాంగ్రెసు తరఫున హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. మా ప్రాంతమూ అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోనిదే, కనుక ఆ సభ మనది కూడా. పాతబస్తీ గల్లీల్లో ఒక ముస్లిం స్త్రీ ఓట్లడిగి గెలిచిందంటే అది చిన్న సంగతి కాదు. 1957లో పత్తర్‌గట్టీ నుండి మళ్లీ గెలిచారు. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో చేరి, ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయిన తొలి ముస్లిం మహిళ అయ్యారు. సాంఘిక సంక్షేమ శాఖను చూశారు.

1962లో అదే పత్తర్‌గట్టీలో సలాహుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడిపోయారు. మంత్రిగా ఉండి సొంత బస్తీలో ఓడిపోవడం ఎవరికైనా బాధే. కుర్చీ పోతే మూల కూర్చునేవారిని మనం ఎందరినో చూశాము. ఆమెకు పని కుర్చీతో మొదలు కాలేదు, అసెంబ్లీకి ముప్ఫై ఏళ్ల ముందే తల్లి అంజుమన్‌లో మొదలైంది. 1974లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1990లో ఆమె కన్నుమూశారు.