గది దొరకని గాయకుడు

తెల్లాపూర్‌లో అద్దె ఇంటి కోసం తిరిగిన నెల రోజులూ నేను సామ్ కుక్ పాటలే విన్నాను. ఫ్లాటు ఖాళీగా ఉన్నదని ఫోనులో చెప్పిన యజమాని, ఎదుట నిలబడ్డాక ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఊరిలో ఏ వైపు అనీ అడిగాడు. మర్నాటికి దానిని బంధువులకు ఇచ్చేశామన్న కబురు వచ్చింది. రెండు వారాలు గడిచినా ఆ గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉన్నది.

సామ్ కుక్ 1931 జనవరి 22న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు. పత్తిచేల ప్రాంతమది. తండ్రి చర్చి బోధకుడు. కుటుంబం దక్షిణాదిని విడిచి షికాగో చేరింది. పందొమ్మిదేళ్ల వయసులో, 1950లో, అతడు సోల్ స్టిరర్స్ అనే భక్తిగీతాల బృందంలో ప్రధాన గాయకుడయ్యాడు. మాలమాదిగ పల్లెల ప్రార్థనాలయాలలో డప్పు మీద కీర్తన ఎత్తుకునే కుర్రవాడిని చూసినవారికి అతడెవరో వేరే చెప్పనక్కరలేదు. అటువంటివాడు ప్రేమపాట పాడితే సంఘం ఎట్లా ముఖం చిట్లిస్తుందో కూడా తెలుసు. అందుకే తన తొలి లౌకిక రికార్డును అతడు డేల్ కుక్ అన్న మారుపేరుతో విడుదల చేశాడు. గొంతు మాత్రం దాగలేదు. (ఆఫీసు మెయిలులో ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా కుదించుకున్న నాకు ఈ ఘట్టం దగ్గర నవ్వు రాదు.) 1957లో యూ సెండ్ మీ దేశమంతటా మొదటి స్థానానికి చేరింది.

అతనిలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది లెక్క తెలిసినతనం. నల్లవారి పాటకు కాసులు పండేవి, హక్కుపత్రం మాత్రం ఇతరుల పెట్టెలో ఉండేది. కుక్ తన మిత్రుడు జె.డబ్ల్యు. అలెగ్జాండర్‌తో కలిసి ప్రచురణ సంస్థను, సార్ అనే రికార్డు కంపెనీని నడిపాడు. మన డప్పు దరువులూ జానపద బాణీలూ సినిమాలోకి పోయి పేరులేనివైపోయిన తీరు చూస్తే, ఆ పని ఎంత పెద్దదో తెలుస్తుంది. అయితే అతని మరణానంతరం ఆ హక్కులు చివరకు మేనేజరు ఆలెన్ క్లైన్ కంపెనీకే చేరాయి.

1961లో మెంఫిస్‌లో శ్రోతలను రంగును బట్టి వేరుచేసి కూర్చోబెడతామంటే అతడు పాడలేదు. 1963 అక్టోబర్ 8న లూసియానా రాష్ట్రం, ష్రీవ్‌పోర్ట్‌లో, ఫోనులో ముందే గది కుదుర్చుకున్న హోటలుకు భార్యతో, బృందంతో చేరుకున్నాడు. మనిషిని చూడగానే గదులు లేవన్నారు. వాదించాడు, కారు హారన్లు మోగించారు. చివరికి శాంతిభంగం నేరం కింద పోలీసులు అతన్నే అరెస్టు చేశారు. ఆ నగర మేయరు క్షమాపణ చెప్పినది 2019లో.

జాతివివక్ష మీద బాబ్ డిలన్ అనే తెల్ల యువకుడు రాసిన పాట విని, అది తాను రాయవలసినది కదా అని కుక్ సిగ్గుపడ్డాడు. ఆ మథనంలోంచి, ష్రీవ్‌పోర్ట్ అవమానంలోంచి ఎ చేంజ్ ఈజ్ గాన కమ్ పుట్టింది. 1964 జనవరి 30న రికార్డు చేశాడు. అదే ఏడాది జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చి హోటళ్లలో వివక్షను నిషేధించింది. డిసెంబర్ 11న, లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్‌లో, అక్కడి నిర్వాహకురాలి తుపాకీ గుండుకు అతడు మరణించాడు. వయసు 33. అది సమర్థనీయమైన హత్యేనని విచారణలో తేల్చారు. కుటుంబం నమ్మలేదు.

పాట సింగిల్‌గా విడుదలైనది ఆ తరువాతే. అందులో ఒక చరణం కత్తిరించారు. నల్లమనిషిని బహిరంగ స్థలాలలో నిలువనీయని తీరును చెప్పే చరణమే అది. ఆల్బమ్‌లో మాత్రం ఉన్నది.

నాకు ఇల్లు చివరకు పక్కనున్న రామచంద్రాపురంలో దొరికింది. ఫోనులో ఉన్నది ఆల్బమ్ పాటే.