డోర్నకల్ అజరయ్య గారు – సంఘ ఐక్యత

శ్రీనగర్ కాలనీ, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలోని కుటుంబములను దర్శించునప్పుడు పెద్దల ఊరు ఏదని అడుగుట మాకు అలవాటు. ఒకరు మెదక్ అంటారు. వారి తాతలు వెస్లియన్ మిషనులో బాప్తిస్మము పొందినవారు. మరొకరు బందరు, ఏలూరు అంటారు. వారు చర్చి మిషనువారు. జమ్మలమడుగు వైపువారు లండను మిషను బిడ్డలు. ఈ ముగ్గురి మనుమలు ఈనాడు ఒకే ప్రభుబల్ల యొద్ద ప్రక్కప్రక్కన మోకరించుచున్నారు. వారి తాతల కాలములో అది జరిగే పని కాదు. ఒక శాఖ గురువు చేతి సంస్కారమును మరొక శాఖ పుచ్చుకొనుటకు ఎన్నో అడ్డుగోడలు ఉండేవి. వాటిని పడగొట్టుటకు పాతికేళ్లకు పైగా శ్రమించిన మనిషి మన తెలుగు నేలమీద, డోర్నకల్‌లో నివసించారు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు పుట్టుకతో తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై అను పల్లెలో ఒక గ్రామ గురువు ఇంట జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించారు. అక్కడ షెర్వుడ్ ఎడ్డీ అను అమెరికా యువకునితో స్నేహము కుదిరినది. అది జీవితాంతము నిలిచినది. సువార్త పని తెల్లవారి పని మాత్రమేనా అను ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ప్రారంభమగుటలో ఆయన చెయ్యి పెద్దది. భారతీయుల డబ్బు, భారతీయుల సేవకులు అనునది ఆ రెండింటికీ నియమము.

ఇతరులను పంపుచు తాను కార్యాలయములో కూర్చుండుట ఆయనకు సరిపడలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, నైజాము రాజ్యములోని డోర్నకల్‌కు భార్య అన్బు మరియమ్మాళ్ గారితో వచ్చారు. తమిళుడైన మనిషి తెలుగు నేర్చుకొని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. బాప్తిస్మము పొందిన ప్రతివారు తమ చేతిని తమ తలమీద ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమ అని పౌలు మాటలలో ఒప్పుకొనవలెనని ఆయన నేర్పారు. కూలి చేసుకొను మనిషియైనా సరే, ఆ దినమునుండే సువార్తికుడు. మాల మాదిగ భేదము గుడిలోకి రాకూడదని ఆయన పట్టుపట్టారు. ఈ విషయములో ఆయన ఎంత గెలిచారో, ఎంత ఓడారో మన సంఘములను చూచుకొంటే మనకే తెలియును.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే, వారు భారతీయ సేవకుని తమ బల్ల యొద్ద సమానునిగా కూర్చుండబెట్టుకొనుట లేదని, తమకు కావలసినది స్నేహితులని నిర్మొహమాటముగా చెప్పారు. విన్నవారిలో చాలామందికి అది నచ్చలేదు. అయినను రెండేళ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ మహాదేవాలయములో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు అగుట అదే మొదటిసారి. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు పట్టుదలతో వెనుక నిలిచారు. వ్యతిరేకించినవారిలో ఆంగ్లేయులే కాదు, మనవారును ఉన్నారు. మనవాడు పైకి వచ్చుట మనకే కంటకమగుట కొత్త సంగతి కాదు గదా!

ఇప్పుడు అసలు విషయమునకు వద్దాము. 1919 మే నెలలో, జీగెన్‌బాల్గ్ 1706లో దిగిన తరంగంబాడిలోనే, అజరయ్య గారు, ఎడ్డీ గారు కలిసి వేర్వేరు శాఖల సేవకులను సమకూర్చారు. వచ్చినవారు 33 మంది, వారిలో ఇద్దరు తప్ప అందరును భారతీయులు. విదేశములలో పుట్టిన చీలికలను మన దేశములో మోయుట ఎందుకని వారు ప్రశ్నించారు. మరుసటి సంవత్సరము ఉమ్మడి కమిటీ కూర్చున్నది. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారు 1908లోనే కలిసి సౌత్ ఇండియా యునైటెడ్ సంఘముగా ఉన్నారు. వారు ఆంగ్లికనులతో మాట్లాడుచుండగా 1925లో వెస్లియన్ వారును చేరారు. 1927లో లోజాన్ మహాసభలో అజరయ్య గారు విభజన మిషను భూములలో పాపమనియే చెప్పారు. 1929లో ఐక్యతా పథకము మొదటిసారి అచ్చయినది.

చిక్కుముడి ఎక్కడ? బిషప్పు హస్తనిక్షేపణ లేకుండా అభిషేకము పొందిన గురువులను ఏమి చేయవలెను? మరల అభిషేకించితే ఇన్నేళ్ల వారి సేవ చెల్లదని ఒప్పుకొనినట్లే. అభిషేకింపకపోతే ఆంగ్లికనులలో అనేకులు ఒప్పుకొనరు. ఇక్కడ రుమేనియా దేశపు బిషప్పు అతనాసీ అంగెల్ గారి కథ మాకు జ్ఞాపకము వచ్చును. ట్రాన్సిల్వేనియాలోని ఆర్థడాక్సు విశ్వాసులను 1698 మొదలుకొని ఆయన రోమా సంఘముతో ఐక్యతలోనికి నడిపించారు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి పాలనలో, కేథలిక్ గురువులకున్న హక్కులు తమ గురువులకును కలుగునను ఆశ అందులో ఉన్నది. 1701లో వియన్నాలో ఆయనకే మరల అభిషేకము జరిగినది. స్వజనులలో చాలామంది ఆయనను విశ్వాసఘాతకుడన్నారు. మన దక్షిణ ఇండియాలో ఆ దారి పట్టలేదు. ఉన్న గురువులను ఉన్నట్లే అంగీకరించి, ఇకమీదట అభిషేకములన్నియు బిషప్పుల చేతిమీదుగా జరుగవలెనని, 30 సంవత్సరముల గడువు పెట్టారు. బిషప్పు పదవి ఐక్య సంఘములో ఉండితీరవలెనని అజరయ్య గారు గట్టిగా నమ్మినవారు. అయినను తన తోటి సేవకుని అభిషేకము చెల్లదని చెప్పించుట ఆయన కోరలేదు. ఇది తేలికైన నడక కాదు. ఇంగ్లండులోని ఉన్నత ఆంగ్లికనులు వ్యతిరేకించుచుండగా, ఆయన వెనుదిరుగలేదు.

ఆయన శ్రమకు రాతి గుర్తు డోర్నకల్ మహాదేవాలయము. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు కలిసిన ఆ కట్టడమును సికింద్రాబాదు నుండి బెజవాడ పోవు రైలు ఎక్కి డోర్నకల్ జంక్షనులో దిగినవారు చూడవచ్చును.

1945 జనవరి 1న, 70వ ఏట, డోర్నకల్‌లోనే అజరయ్య గారు కన్నుమూశారు. యునైటెడ్ సంఘము తన తుది ఓటు వేసినది ఆ మరుసటి సంవత్సరమే. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి మహాదేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. మద్రాసు, తిరునెల్వేలి, తిరువాన్కూరు-కొచ్చిన్, డోర్నకల్ అను నాలుగు ఆంగ్లికన్ అధ్యక్షఖండములు అందులో చేరినవి. కాని ఆయన సొంత అధ్యక్షఖండములోనే నంద్యాల ప్రాంతపు వేలాది విశ్వాసులు చేరుటకు నిరాకరించి, ఆంగ్లికన్ సంఘముగానే వేరుగా నిలిచిపోయారు. వారు ఐక్య సంఘములోనికి వచ్చుటకు దాదాపు మూడు దశాబ్దములు పట్టినది.