నది పెట్టిన గడువు - సర్ ఆర్థర్ కాటన్ జీవితం

ఉభయ గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు తెలియని ఊరు లేదు. మే 15 వస్తే ఆయన విగ్రహాలకు పూలదండలు పడతాయి. ఆయన కట్టిన ఆనకట్ట సంగతి అందరికీ తెలుసు కానీ, ఆ పనిని ఏ వరుసలో నడిపించారో మనం పెద్దగా మాట్లాడుకోము. చివరి సంవత్సరం ప్రాజెక్టు పని చేస్తూ, పని ఎంతవరకు వచ్చిందో చూపడానికి ఏ చార్టు గీయాలని అడుగుతున్న మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ వరుస పనికివస్తుందని తలచి ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పదకొండు మంది అన్నదమ్ముల్లో ఆయన పదవవారు. అడిస్కాంబ్‌లో ఈస్టిండియా కంపెనీ వారి సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరారు. 1821లో మన దేశానికి వచ్చారు. దక్షిణ జిల్లాల్లో చెరువుల శాఖలో పనిచేస్తూ, కావేరిపై చోళరాజులు కట్టించిన కల్లణైని శ్రద్ధగా పరిశీలించారు. ఇసుక మీద కూడా రాతికట్టు నిలుస్తుందని ఆ పాత కట్టడమే ఆయనకు నేర్పింది. 1836లో కొళ్ళిడం నదిపై ఆనకట్టల పని చేపట్టి తంజావూరు పొలాలకు నీటి భరోసా కల్పించారు.

ఆనాటి మన గోదావరి సీమ పరిస్థితి వేరు. 1833లో కరువు, 1839లో కోరంగి దగ్గర పెను తుఫాను. పక్కనే నది సముద్రంలో కలిసిపోతుంటే పొలాలు ఎండిపోయేవి. జనం ఊళ్ళు విడిచి వెళ్ళారు. 1844లో ఇక్కడికి వచ్చిన కాటన్ నదిని పరిశీలించి ఆ సంవత్సరం ఒక నివేదిక, 1845లో మరొక నివేదిక పంపారు. 1846 చివరలో కంపెనీ అనుమతి వచ్చింది. కరువులో శిస్తు రాక కంపెనీ కూడా నష్టపోతున్నదన్న మాట మరువరాదు. 1847లో పని మొదలైంది.

ధవళేశ్వరాన్నే ఎందుకు ఎంచుకున్నారు? నది పాయలుగా చీలే చోటు అది. లంకలు అడ్డు ఉండడం వల్ల కట్టవలసిన పొడవు తగ్గుతుంది. రాయికి పక్కనే కొండ ఉంది. లంకలతో కలిపి దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పున ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టు వచ్చింది. కట్టు పొడవు సుమారు 12 వేల అడుగులు.

ఇక పని వరుస చూడండి. కొండలో రాయి కొట్టాలి. పట్టాల మీద బండ్లతో రేవుకు తేవాలి. పడవల్లో నది మధ్యకు చేర్చాలి. ఇసుకలో ఇటుక బావులు దింపి వాటిపై గోడ లేపాలి. దాని వెనుక రాళ్ళు పేర్చాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా తరువాతిది ఆగుతుంది. వీటన్నిటికీ పైన ఒక గడువు ఉంది. దానిని కంపెనీ పెట్టలేదు, నది పెట్టింది. ఎర్రనీరు వచ్చేలోగా ఆ ఏటి పని ఒక దరికి చేరకపోతే చేసినది కూడా కొట్టుకుపోతుంది.

ఈ రోజు మనకు తెలిసిన చార్టులు అప్పుడు లేవు. కాటన్‌కు సర్ బిరుదు వచ్చిన 1861లోనే అమెరికాలో హెన్రీ గాంట్ పుట్టారు. ఆయన పేరుతో గాంట్ చార్టు 1910 తర్వాత ప్రచారమైంది. పెర్ట్ పద్ధతి 1958లో అమెరికా నౌకాదళం వారి పొలారిస్ క్షిపణి పనిలో వచ్చింది. కాన్‌బాన్ కార్డులు జపాన్ టొయోటా కర్మాగారాల నుంచి వచ్చాయి. కానీ ఈ మూడు జవాబు చెప్పే ప్రశ్నలు మూడూ ధవళేశ్వరంలో ఉన్నాయి.

ఏ పని ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగియాలి? దీనికి గాంట్ చార్టు. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుంది? దీనికి పెర్ట్ వలలాంటి పటం. పని ఇప్పుడు ఎక్కడ పేరుకుపోయింది, రేవులోనా, పడవలోనా? దీనికి చేయవలసినవి, చేస్తున్నవి, అయినవి అని మూడు గడుల బోర్డు. కాబట్టి చార్టు అందాన్ని చూసి ఎంచుకోవద్దు, మన ప్రశ్నను చూసి ఎంచుకోవాలి. ముందుగా మన నది ఏదో గుర్తించి ఆ గీత గీయాలి. ఊళ్ళో సర్వే చేయాలంటే కోతల రోజుల్లో పగలు ఎవరూ ఇంటి దగ్గర దొరకరు. అదే మన ఎర్రనీరు.

పని వరుస అందరికీ తెలియడం ఎంత అవసరమో 1848లో రుజువైంది. కాటన్ ఆరోగ్యం చెడి సెలవుపై వెళ్ళవలసి వచ్చింది. కెప్టెన్ ఓర్ పని నడిపించారు. 1850లో కాటన్ తిరిగి వచ్చేసరికి పని ఆగిపోలేదు, ముందుకే సాగింది. 1852లో ఆనకట్ట పూర్తయింది. వైనతేయ పాయపై గన్నవరం అక్విడక్టును 49 కమానులతో లెఫ్టినెంట్ హెయిగ్ కట్టించారు. మన తెలుగువారైన వీణెం వీరన్నగారు కూలీలను సమీకరించడంలో కాటన్‌కు కుడిభుజమయ్యారు. ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది.

అయితే ఏ చార్టూ చూపని గడి ఒకటి ఉంది. రాళ్ళు మోసినవారు వేలమంది. వారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు. నీరు వచ్చి పొలాలు పండాయి కానీ, పొలం లేనివారికి దక్కింది కూలిపనే. మనలో చాలామంది అటువంటి ఇళ్ళ నుంచి వచ్చి ఈ హాస్టల్ అన్నం తిని చదువుకుంటున్నవారమే. కాటన్‌ను గౌరవిద్దాం, మోసిన భుజాలను కూడా తలుచుకుందాం.

కాటన్ ఇంగ్లండుకు వెళ్ళాక కూడా కరువుకు మందు నీరేనని, రైళ్ళకన్నా కాలువలు ముఖ్యమని వాదిస్తూనే ఉన్నారు. 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట ఆయన వాదనను నిలదీశారు. ఆయన మాట మార్చుకోలేదు. 1899 జులై 24న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తయి, ఆయన పేరే పెట్టుకుంది. దాదాపు 10 లక్షల ఎకరాలకు దానివల్ల నీరందుతోంది.

మిత్రులారా, మీ ప్రాజెక్టుకు ఒక్క తెల్లకాగితం చాలు. మీ పనులు వరుసగా రాయండి. ఏది దేనిమీద ఆధారపడిందో బాణం గుర్తు వేయండి. గడువు దగ్గర ఎర్ర గీత గీయండి. పనిలో చేయి వేసిన ప్రతివారి పేరూ ఆ పని ఎదుట రాయండి. ఆ కాగితాన్ని మంచం పక్క గోడకు అంటించుకొని, ప్రతి ఆదివారం అయిన పనిని కొట్టివేయండి.